కుర్చీ దిగాక రెండేళ్లు

విజయనగరం జిల్లా గజపతినగరం మండలంలో పంచాయతీరాజ్ రోడ్డు పని పట్టాలనుకునే కాంట్రాక్టరు ముందుగా టెండరు షెడ్యూలు తిరగేస్తాడు. ఎస్టిమేటు విలువ ఎంత, ఈఎండీ ఎంత, గడువు ఎన్ని నెలలు అన్నవి చూసుకుంటాడు. అర్హతల దగ్గర ఒక షరతు ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ప్రభుత్వ పనులు చేయించిన అధికారి రిటైరైన నాటి నుంచి రెండేళ్ల దాకా, ప్రభుత్వం ముందస్తు అనుమతి ఇస్తే తప్ప, టెండరు వేయడానికి పనికిరాడు. అలాంటి అధికారిని తన దగ్గర కొలువులో పెట్టుకున్న కాంట్రాక్టరు కూడా పనికిరాడు. ఈ సంగతి ఒప్పందం అయిపోయాక బయటపడినా ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది.

టెండరు పద్ధతులను మారుస్తూ 2003 జులై 1న వచ్చిన జీవో 94 తర్వాత మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ శాఖలన్నిటి టెండరు పత్రాల్లో ఈ మాట దాదాపు ఒకే రూపంలో ఉంటోంది. అయితే ఇది 2003లో పుట్టిన ఆలోచన కాదు. కేంద్ర ప్రజా పనుల శాఖ ఒప్పంద పత్రాల్లో అంతకు ఎంతో ముందు నుంచే ఉంది. రిటైరైన మనిషి తన చదువుతో, అనుభవంతో నాలుగు రూపాయలు సంపాదించుకుంటానంటే ప్రభుత్వం ఎందుకు అడ్డుపడాలి? రెండేళ్లన్న లెక్క ఎక్కడిది? ఊరికి అందరికంటే దగ్గరగా ఉండే అధికారం సర్పంచిది. ఆయనకు ఈ షరతు ఎందుకు లేదు? ఈ మూడో ప్రశ్న కోసమే ఈ కథంతా చెబుతున్నాను.

మా వైపు ఈ కథను కరణంతో మొదలుపెట్టాలి. విజయనగరం జమీందారీకి 1802లో శాశ్వత పరిష్కారం జరిగింది. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం కరణాల కోసం 29వ రెగ్యులేషన్ తెచ్చింది. ఊరి భూమి లెక్క రాసేది కరణం. జమీందారుకూ రైతుకూ సర్కారుకూ మధ్య ఏ తగువు వచ్చినా ఆ లెక్కే సాక్ష్యం. ఎస్టేటు గ్రామాల కొలువుల మీద 1894లో ఒక చట్టం, వంశపారంపర్య గ్రామోద్యోగాల మీద 1895లో మరొకటి వచ్చాయి. కొలువు తండ్రి నుంచి కొడుక్కి దక్కేది. కుర్చీ దిగడమే లేనప్పుడు దిగాక ఏం చేయాలన్న నియమం ఎవరికి గుర్తొస్తుంది? అధికారం, ఆస్తి, చుట్టరికం ఒకే ఇంట్లో ఉండేవి.

ఆ కట్టుకు మొదటి దెబ్బ సుప్రీంకోర్టు నుంచి తగిలింది. గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన గాజుల దశరథ రామారావు కేసులో, పుట్టుకను బట్టి గ్రామోద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణకు విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. అసలు దెబ్బ 1984 జనవరిలో తగిలింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవులన్నిటినీ రద్దు చేసింది. సుప్రీంకోర్టు 1985లో ఆ రద్దును సమర్థించింది.

పదవి పోయిన మర్నాడు ఊళ్లో ఏం జరిగిందో అరవై దాటినవాళ్లకు ఇప్పటికీ గుర్తే. కాగితం మీద అధికారం రెవెన్యూ శాఖకు వెళ్లింది. తర్వాతి ఏడాది మండలాలు ఏర్పడి ఎమ్మార్వో ఆఫీసులు తెరిచారు. అడంగల్ చదవాలన్నా, సెటిల్‌మెంటు నాటి భూమి లెక్క ఎస్‌ఎఫ్‌ఏలో ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో తేల్చాలన్నా, పొలాల కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీలో గట్టు ఎక్కడ విరిగిందో చెప్పాలన్నా జనం మాత్రం పాత కరణం గారి అరుగు మీదికే వెళ్లేవారు. రికార్డులు అప్పగించాలని చట్టమే ఆదేశించింది. అయినా చాలా ఊళ్లలో అప్పగింతలు సాగదీశారు. ఎస్టేటు రద్దయ్యాక సెటిల్‌మెంటు నాడు జరిగిన సర్దుబాట్లు కాగితంలో ఒకలా, కరణం తలలో ఒకలా ఉండేవి. కొందరు దస్తావేజులు రాసే పనిలోకి దిగారు, కొందరు కోర్టు వ్యాజ్యాల్లో ఒక పక్షానికి సలహాదారులయ్యారు. నిజాయితీగా ఊరికి సాయపడినవాళ్లూ ఉన్నారు. వాళ్ల సాయం లేకుంటే కొత్తగా వచ్చిన ఉద్యోగులకు మొదటి రెండు మూడేళ్లు చాలా కష్టమయ్యేది. కానీ నిన్నటిదాకా రెండు పక్షాలకూ ఉమ్మడిగా లెక్క రాసిన మనిషి ఇవాళ ఒక పక్షం డబ్బు తీసుకుంటే రెండో పక్షానికి ఏం దిక్కు? పదవి పోయినా అధికారం పోదని ఉత్తరాంధ్ర పల్లెలకు ఒకేసారి, ఊరూరా తెలిసొచ్చింది అప్పుడే. ఆ అనుభవం నుంచి ప్రభుత్వం ఒక నియమం తయారు చేసుకొని ఉండాల్సింది. చేసుకోలేదు. రెండేళ్ల నియమం మనకు వేరే దారిలో వచ్చింది.

ఆ దారి చాలా దూరం నుంచి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు పదవిలో ఉండగానే సొంత వ్యాపారం చేసి, కానుకలు పుచ్చుకుని నవాబుల్లా బతుకుతున్నారని 1773 రెగ్యులేటింగ్ చట్టం వాటికి అడ్డుకట్ట వేయబోయింది. అప్పటి చూపంతా పదవిలో ఉన్నవాడి మీదే. పదవి దిగినవాడి మీద మొదట దృష్టి పెట్టిన దేశాల్లో అమెరికా ఒకటి. ప్రభుత్వం నుంచి తమకు సొమ్ము రావాలంటూ జనం పెట్టుకున్న దావాలు అక్కడి శాఖల్లో గుట్టలుగా పడి ఉండేవి. ఆ శాఖల్లో పనిచేసిన గుమాస్తాలు ఉద్యోగం మానేసి, అవే దావాలకు వకీళ్లుగా తిరిగి వచ్చేవారు. 1872లో అమెరికా కాంగ్రెస్ దీన్ని ఆపింది. శాఖలో పనిచేసినవాడు తాను ఉన్నప్పుడు పెండింగులో ఉన్న దావాలో, మానేసిన రెండేళ్ల దాకా, ప్రభుత్వానికి ఎదురుగా నిలబడకూడదంది. బ్రిటన్‌లో సంగతి ఆయుధాల దగ్గర వచ్చింది. ఆయుధాల ప్రైవేటు తయారీ మీద వేసిన రాయల్ కమిషన్ తర్వాత, 1937లో, రిటైరైన ఉన్నతాధికారులు ప్రభుత్వంతో లావాదేవీలున్న కంపెనీల్లో చేరాలంటే అనుమతి తీసుకోవాలన్నారు.

మన రాజ్యాంగం రాసినవాళ్లు దీన్ని బాగా ఆలోచించారు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి దిగాక కేంద్రంలో గానీ రాష్ట్రాల్లో గానీ మరో ప్రభుత్వ కొలువు చేయకూడదని 148వ అధికరణ. యూపీఎస్సీ ఛైర్మన్‌కూ అలాంటి నిషేధమే 319లో పెట్టారు. హైకోర్టు జడ్జీగా చేసినవారు ఆ తర్వాత ఏ కోర్టులోనూ వాదించకూడదని 220 మొదట్లో చెప్పింది. 1956లో సడలించి, సుప్రీంకోర్టులోనూ ఇతర హైకోర్టుల్లోనూ వాదించవచ్చన్నారు. తాను కూర్చున్న హైకోర్టులో గానీ, కింది కోర్టుల్లో గానీ మాత్రం ఇప్పటికీ కుదరదు. ఆ సవరణ నాకు చాలా నచ్చుతుంది. మనిషి బతుకుతెరువును మొత్తంగా మూసేయకుండా, అతని పలుకుబడి పారే చోటును మాత్రమే మూసింది.

అధికారుల విషయం కె. సంతానం కమిటీ చేతికొచ్చింది. అవినీతి నిరోధం మీద 1962లో వేసిన ఆ కమిటీ 1964లో నివేదిక ఇచ్చింది. రిటైరయ్యాక రెండేళ్ల దాకా ప్రైవేటు వ్యాపార సంస్థల కొలువులు వద్దని చెప్పింది. 1972 కేంద్ర పెన్షన్ నియమాల్లో పదో నియమం పై హోదా అధికారులకు దీన్నే వర్తింపజేసింది. రెండేళ్లలోపు వాణిజ్య ఉద్యోగంలో చేరాలంటే ప్రభుత్వ మంజూరు ఉండాలంది, లేకుంటే పెన్షన్‌కే ఎసరు. 1980 ఆంధ్రప్రదేశ్ సవరించిన పెన్షన్ నియమాల్లోనూ వాణిజ్య ఉద్యోగాల మీద ఇలాంటి నియమమే ఉంది.

ఆ తర్వాత మన రాష్ట్రంలో ఒక విచిత్రం జరిగింది. 1983లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. ఒంట్లో సత్తువ ఉన్న ఇంజినీర్లు, కూతుళ్ల పెళ్లిళ్లు ఇంకా చేయాల్సినవాళ్లు ఒక్కసారిగా ఇంటికొచ్చారు. ఆ వయసులో రెండేళ్లు చేతులు కట్టుకుని కూర్చోమంటే ఏ మనిషికైనా బాధే. తర్వాత వయసును మళ్లీ 58కి పెంచారు. 2014లో అది 60, 2022లో 62 అయింది. ఇవాళ ఈ షరతు కింద ఆగాల్సిన మనిషి అరవై నాలుగో ఏట దాకా ఆగుతాడంతే. నియమం వల్ల బతుకు పోతుందన్న వాదన 1983లో ఉన్నంత బరువుగా ఇప్పుడు లేదు. అయినా కేంద్రం తన రెండేళ్లను 2007లో ఏడాదికి తగ్గించేసింది. నా దృష్టిలో అది వెనకడుగు.

ఎందుకంటే రెండేళ్లలో ఒక అర్థం ఉంది. దాన్ని ఒక పని దగ్గర చూద్దాం. చంపావతి నది అవతలి ఊరికి ఒక కల్వర్టు, కొంత గ్రావెల్ రోడ్డు మంజూరయ్యాయనుకోండి. ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజినీరు, ఎస్టిమేటు వేస్తాడు. అందులో లీడు అని ఒకటుంటుంది. గ్రావెల్, మెటల్, ఇసుక ఎంత దూరం నుంచి తేవాలో రాసి దానికి రవాణా ఖర్చు కడతారు. దగ్గరి క్వారీ వదిలి దూరపు క్వారీ రాస్తే క్యూబిక్ మీటరుకు ఇంత అని పెరుగుతుంది. పని మొదలయ్యాక కొలతలు ఎంబుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కుతాయి. ఏఈ పైఅధికారి డీఈ వచ్చి సరిచూస్తాడు. మట్టి పనిలో అసలు నేల మట్టం ఎంత అని మొదట రాసిన అంకె మీద తర్వాతి బిల్లంతా నిలబడుతుంది, ఎందుకంటే రోడ్డు పడ్డాక ఆ నేల ఎవరికీ కనిపించదు. ఇప్పుడు ఆ ఎస్టిమేటు మీద సంతకం పెట్టిన డీఈ రిటైరై, అదే పని పట్టిన కాంట్రాక్టరు దగ్గర సైటు మేనేజరుగా చేరాడనుకోండి. ఏ ఐటంలో సందు ఉందో ఆయనకు తెలుసు. కొలతకు వచ్చే ఏఈ నిన్నటిదాకా ఆయన కింద పనిచేసిన కుర్రాడు. "సారూ, తమరు చూసేరు గదా, నాను మళ్లీ కొలవాలేటి" అని టేపు తీయకుండానే వెళ్లిపోతాడు. ఇందులో లంచం చేతులు మారలేదు. పాత గౌరవమే పని జరిపించేసింది.

రెండేళ్లు గడిస్తే ఈ దారాలు చాలావరకు తెగుతాయి. ధరల షెడ్యూలు మారుతుంది. కింది సిబ్బందిలో చాలామంది బదిలీ అవుతారు. ఆయన సంతకం పెట్టిన పనులు పూర్తవుతాయి. పని పూర్తయ్యాక లోపాలకు కాంట్రాక్టరు పూచీ పడాల్సిన గడువు కూడా మన దగ్గర చాలా పనులకు రెండేళ్లే. ఏడాదిలో ఇవన్నీ తెగవు. ఇంకో మేలు కూడా ఉంది. పదవిలో ఉన్న చివరి ఏడాదిలో, రేపు నాకు కొలువిస్తాడన్న ఆశతో ఒక కాంట్రాక్టరుకు లోపాయికారీగా సాయపడే బుద్ధి పుట్టకుండా రెండేళ్ల ఎడం కాస్త ఆపుతుంది.

షరతుకు ఉన్న పెద్ద లోటు దాని మాటల్లోనే ఉంది. అది గెజిటెడ్ అధికారులను ఉద్దేశించినది. డీఈ, ఈఈ వస్తారు. పంచాయతీ సెక్రటరీ రాడు. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో కూర్చుంటున్న ఇంజినీరింగ్ అసిస్టెంటు రాడు. సర్పంచి, ఎంపీటీసీ, జడ్పీటీసీ అసలు ఉద్యోగులే కారు కాబట్టి వాళ్ల ఊసే లేదు.

సర్పంచి పదవిలో ఉన్నంతకాలం చట్టం గట్టిగానే ఉంది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం అనర్హతల్లో, పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టులో గానీ, దాని కోసం జరుగుతున్న పనిలో గానీ వాటా ఉన్నవాడు పనికిరాడని ఉంది. కంపెనీలో ఉత్త వాటాదారుగా ఉంటే తప్పులేదని మినహాయింపులున్నాయి. పని పూర్తిచేసి బిల్లు మాత్రమే రావాల్సి ఉంటే ఆ కాంట్రాక్టు నడుస్తున్నట్టు లెక్క కాదన్న వివరణ కూడా ఉంది. పంచాయతీ సొమ్ము నష్టపరిస్తే పదవి దిగాక కూడా వసూలు చేయవచ్చు. ఇవన్నీ జరిగిన తప్పుకు శిక్షలు. పదవి దిగిన మర్నాడు మాజీ సర్పంచి తాను తీర్మానం చేసిన డ్రెయినేజీ పనిని తానే నామినేషన్ మీద పట్టుకున్నా, తాను ఖరారు చేసిన షరతులతో సంత ఆశీలు వేలంలో తానే పాడుకున్నా ఆపే వాక్యం మాత్రం చట్టంలో లేదు.

ఇది ఎందుకు పెద్ద సంగతో చెప్పాలంటే మన రిజర్వేషన్ల తీరు చూడాలి. సర్పంచి స్థానం రొటేషన్ మీద మారుతుంది. సగం స్థానాలు మహిళలవి. ఒక ఊళ్లో పదవి చేసిన మనిషి తర్వాతి ఎన్నికకు పోటీ చేయలేని పరిస్థితి తరచూ వస్తుంది. అప్పుడు ఆయన తనకు అనుకూలమైన మనిషిని, చాలాసార్లు తన దయ మీద బతికే ఇంటి ఆడమనిషిని, నిలబెడతాడు. కుర్చీలో ఆమె కూర్చుంటుంది. పనులన్నీ మాజీ చేతుల మీదుగా నడుస్తాయి. బిల్లు మీద ఆమె సంతకం, డబ్బు ఆయనకు. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే నోటీసు ఆమె పేరునే వస్తుంది. ఉపాధి హామీ కూలికి వెళ్లే దళిత మహిళ ఒకతె తాను ఎన్నడూ చూడని సిమెంటు బస్తాలకు జవాబు చెప్పాలి. మాజీల మీద ఒక చిన్న ఆంక్ష ఉంటే అందరికంటే ముందు రక్షణ దొరికేది ఈమెకే. రిజర్వేషన్‌తో ఇచ్చిన కుర్చీని నిజంగా ఆమెకు ఇవ్వాలంటే, పక్కన నిలబడ్డ పాత మనిషిని కొంతకాలం పనుల నుంచి దూరంగా ఉంచాలి.

ఇంగ్లండు, వేల్స్‌ల స్థానిక సంస్థల మీద 1972లో చేసిన చట్టంలో 116వ సెక్షను ఇలాంటి ఆంక్షకు నమూనా. కౌన్సిల్ సభ్యుడిగా ఉన్నంతకాలం, దిగిన తర్వాత పన్నెండు నెలల దాకా, ఆ కౌన్సిల్ జీతమిచ్చే ఏ ఉద్యోగానికీ ఆ మనిషిని నియమించకూడదు. న్యూయార్క్ నగర పాలనలో పనిచేసి మానేసినవాళ్లు కనీసం ఏడాది దాకా తమ పాత శాఖ దగ్గర ఇంకొకరి తరఫున పైరవీకి వెళ్లకూడదు. కేరళ 2000లో స్థానిక సంస్థల మీద ఫిర్యాదుల కోసమే ఒక అంబుడ్స్‌మన్‌ను పెట్టుకుంది. మనం పంచాయతీరాజ్‌ను 1959లోనే, రాజస్థాన్ వెనకే తెచ్చుకున్నామని గర్వంగా చెప్పుకుంటాం. మాజీల విషయంలో మాత్రం అప్పటి చోటనే ఆగిపోయాం.

దీనికి అభ్యంతరాలున్నాయి. అవి కొట్టిపారేసేవి కావు. లోగిశ, మరుపల్లి లాంటి ఊళ్లలో లక్షో రెండు లక్షలో చేతినుంచి పెట్టి సీసీ రోడ్డు వేయగల మనుషులు ఎందరుంటారు? సర్పంచులే అప్పు తెచ్చి పనులు చేయించిన సందర్భాలెన్నో ఉన్నాయి. 2018 ఆగస్టులో పదవీకాలం ముగిసి, 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఆ మధ్యలో పాత బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మాజీ సర్పంచుల గోడు మా ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. అలాంటి మనిషిని ఇంకా శిక్షించినట్టవుతుందా? పైగా ఏ వృత్తి అయినా చేసుకునే హక్కు 19వ అధికరణ ఇచ్చింది. సహేతుకమైన ఆంక్షలే పెట్టాలి.

అందుకే ఆంక్ష చిన్నదిగా ఉండాలంటాను. తన సొంత పంచాయతీలో మాత్రమే. అక్కడా తన కాలంలో తీర్మానమైన పనులకు, వేలాలకు, కౌళ్లకు మాత్రమే. రెండేళ్లు. పక్క మండలంలో కాంట్రాక్టు చేసుకోనివ్వాలి, పాత బిల్లు రాబట్టుకోనివ్వాలి. భార్య, కొడుకు, అల్లుడి పేరున వచ్చే టెండర్లకూ ఇదే షరతు పెట్టాలి, లేకుంటే ఇదంతా కాగితానికే పరిమితమవుతుంది. సెక్రటరీలకు, కొలతలు రాసే సిబ్బందికి గెజిటెడ్ అన్న మాట తీసేసి ఇదే వర్తింపజేయాలి. అధికారులకు ఇరవై ఏళ్లకు పైగా పెడుతున్న షరతును ప్రజాప్రతినిధులు తమకు తాము పెట్టుకోకపోవడం న్యాయం కాదు.

చట్టం మారేదాకా ఊరు ఊరికే కూర్చోవాల్సిన పనిలేదు. ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు జరిగిన పనుల జాబితా అడగండి. ప్రతి పని ఎవరి పేరున ఉందో, ఆ మనిషి గడిచిన రెండేళ్లలో ఈ పంచాయతీలో ఏ పదవిలోనైనా, కొలువులోనైనా ఉన్నాడో లేదో రాసిపెట్టమని తీర్మానం కోరండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసివ్వండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు.